రష్యన్ కొత్తగా నేర్చుకునేవాళ్ళకి: చదవడానికి సులువైనవి ఎలా వెతుక్కోవాలి, ఎలా ఎంచుకోవాలి

రష్యన్ మొదలుపెట్టిన మూడో వారంలో నేనొక పిల్లల పద్యాల పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. పేజీకో బొమ్మ, బొమ్మ కింద నాలుగు లైన్లు. ఇంతకన్నా సులువైనది ఇంకేముంటుందిలే అనుకున్నాను. మొదటి పేజీ దాటడానికి గంటన్నర పట్టింది. సగం మాటలు నిఘంటువులో దొరకలేదు. ప్రాస కోసం కవి పుట్టించిన మాటలని తర్వాతెప్పుడో తెలిసింది. తెలుగు నేర్చుకుందామని వచ్చినవాడికి మొదటి పాఠంగా "చెమ్మచెక్క చారడేసి మొగ్గ" ఇస్తే వాడు ఏ నిఘంటువులో వెతుక్కుంటాడు? నా పనీ అలాగే అయింది.

పిల్లల కోసం రాసింది వేరు, నేర్చుకునేవాళ్ళ కోసం రాసింది వేరు. బడికి వెళ్ళే ముందే రష్యన్ పిల్లవాడికి కొన్ని వేల మాటలు చెవిన పడి ఉంటాయి. వాడికి రానిది అక్షరాలే. మనకి రానివి మాటలు. కాబట్టి "పిల్లల పుస్తకం కదా" అని కాకుండా మూడు విషయాలు చూసి పుస్తకం ఎంచుకోవాలి: మాటలో ఏ అచ్చుని గట్టిగా పలకాలో చెప్పే ఊనిక గుర్తులు ఉన్నాయా, ఆ పాఠానికి ఆడియో ఉందా, ఎన్ని మాటలు తెలిసినవాళ్ళని దృష్టిలో పెట్టుకుని రాశారు. ఈ మూడూ కుదిరిందే సులువైన పాఠం. అలాంటివి ఎక్కడ దొరుకుతాయో, దొరికాక వాటితో ఏం చేయాలో వరసగా చెబుతాను.

ఇంకో మాట. ఇక్కడ రష్యన్ మాటల్ని తెలుగు లిపిలో రాస్తున్నాను. చెవికి దగ్గరగా ఉండేలా రాశానే తప్ప అదే సరైన ఉచ్చారణ అనుకోకండి. మీ నోటుపుస్తకంలో మాత్రం తెలుగు లిపిలో రాసుకునే అలవాటు మొదటి రెండు వారాల్లోనే మానేయండి.

మొదటి మెట్టు: 33 అక్షరాలు, పది పదిహేను రోజులు

రష్యన్ లిపి పేరు సిరిలిక్. అక్షరాలు 33. వీటిని మూడు గుంపులుగా నేర్చుకుంటే తొందరగా వస్తాయి.

ఇంగ్లీషు ఏ, కె, ఎమ్, ఓ, టి ఆకారంలో ఉన్న ఐదు అక్షరాలు దాదాపు అవే ధ్వనులు పలుకుతాయి. వాటితో పేచీ లేదు. తిప్పలు పెట్టేది రెండో గుంపు. చూడడానికి ఇంగ్లీషు అక్షరాలే, పలికేది వేరు. 'పి'లా ఉన్నది 'ర', 'హెచ్'లా ఉన్నది 'న', 'సి'లా ఉన్నది 'స', 'బి'లా ఉన్నది 'వ', 'వై'లా ఉన్నది 'ఉ', 'ఎక్స్'లా ఉన్నది 'ఖ', 'ఇ'లా ఉన్నది 'యె'. రెస్తరాన్ అనే మాటని పెద్ద అక్షరాల్లో రాసి ఇంగ్లీషు వచ్చినవాళ్ళకి చూపిస్తే 'పెక్టోపా' అని చదువుతారు. ఆ మాటని తడుముకోకుండా రెస్తరాన్ అని చదివిన రోజున ఈ గుంపు వచ్చేసినట్టే. మిగిలినవన్నీ మూడో గుంపు. ఎక్కువ భాగం కొత్త ఆకారాలు కాబట్టి పాత అలవాట్లు అడ్డం రావు, సులువుగానే పడతాయి.

ధ్వనుల్లో తెలుగువాళ్ళకి కలిసొచ్చేవి చాలా ఉన్నాయి. రష్యన్ 'త', 'ద' మన త, ద లాగా నాలుక పళ్ళకి తగిలి పలికేవే. ఇంగ్లీషు పాఠాలు చూసి వాటిని 'ట', 'డ' చేసుకున్నారో, ఆ యాస వదిలించుకోవడం కష్టం. 'క', 'ప' కూడా మన వాటిలాగే ఒత్తు లేకుండా పలుకుతాయి. 'ర'ని మనలాగే నాలుక ఆడించి పలకాలి. రష్యన్లో చ కి రెండు అక్షరాలున్నాయి. ఒకటి 'చిన్న'లో చ లాంటిది, రెండోది 'చాలు', 'చుక్క' అన్నప్పుడు పలికే దంత్య చ. ఈ రెండోదాన్ని ఇంగ్లీషు పుస్తకాలు 'ట్స్' అని విడగొట్టి చెబుతాయి. మనకి ఆ అవసరం లేదు. కొత్తగా సాధన చేయాల్సినవి ముఖ్యంగా రెండు: నోటి వెనక భాగంలో పలికే ఒక రకం 'ఇ', చాలా హల్లులకి కఠినం, మృదువు అని రెండేసి రూపాలు ఉండడం.

మామూలు నిలువు అక్షరాలు రాగానే వాలు అక్షరాల (ఇటాలిక్స్) పట్టిక ఒకసారి చూసుకోండి. వాలు అక్షరాల్లో 'త' ఇంగ్లీషు చిన్న ఎమ్‌లా, 'ప' చిన్న ఎన్‌లా, 'ఇ' చిన్న యులా మారిపోతాయి. పుస్తకాల్లో ఉదాహరణలు తరచుగా వాలు అక్షరాల్లోనే వేస్తారు. ఇది తెలియక చాలామంది ఐదో పాఠం దగ్గర ఆగిపోతారు. ఫోనులో రష్యన్ కీబోర్డు కూడా ఇప్పుడే పెట్టుకోండి. దాని అవసరం ముందుంది.

రెండో మెట్టు: ఊనిక గుర్తున్న పాఠాలే పట్టుకోండి

రష్యన్ మాటలో ఒక అచ్చు మీద బలంగా ఊనిక పడుతుంది. దాన్ని ఉదరేనియె అంటారు. అది ఏ అచ్చు మీద పడుతుందో చెప్పే తేలికపాటి సూత్రం ఏదీ లేదు. మామూలు పుస్తకాల్లో, పత్రికల్లో గుర్తు వేయరు. వేయకపోతే ఏమవుతుందంటారా? 'జామక్' అంటే కోట, 'జమోక్' అంటే తాళం, రెండింటికీ అక్షరాలు ఒకటే. 'మూక' అంటే యాతన, 'ముకా' అంటే పిండి, ఇవీ అంతే. పైగా ఊనిక లేని 'ఒ' దాదాపు 'అ'గా మారిపోతుంది. పాలు అనే మాటలో మూడు 'ఒ'లు రాస్తారు, పలకడం మాత్రం 'మలకో'.

అందుకే మొదటి నాలుగైదు నెలలు ఊనిక గుర్తు లేని పాఠం జోలికి పోకండి. తప్పు ఊనికతో గట్టిపడిన మాటని దిద్దుకోవడానికి కొత్త మాట నేర్చుకున్నదానికన్నా ఎక్కువ సమయం పడుతుంది. పాఠం నచ్చింది గానీ గుర్తులు లేవు అనుకోండి, పేస్టు చేస్తే గుర్తులు పెట్టిచ్చే సైట్లు ఉన్నాయి. అవి కూడా జామక్, జమోక్ లాంటి జంటల దగ్గర పొరబడతాయి కనుక ఒక కన్నేసి ఉంచండి.

పైన రెండు చుక్కలుండే 'యొ' అక్షరాన్ని కూడా గమనించండి. మాటలో అది ఉంటే ఊనిక దాదాపు ఎప్పుడూ దాని మీదే. పెద్దల పుస్తకాల్లో ఆ చుక్కలు ఎగరగొట్టేసి మామూలు 'యె'లా అచ్చేస్తారు. చుక్కలు ఉంచిన పుస్తకం చేతికి వస్తే, అది నేర్చుకునేవాళ్ళనో పిల్లలనో దృష్టిలో పెట్టుకుని వేసినదని మొదటి పేజీలోనే పోల్చుకోవచ్చు.

మూడో మెట్టు: వెన్నెముకగా ఒకే ఒక్క పాఠ్యపుస్తకం

నాలుగు పుస్తకాలు డౌన్‌లోడు చేసుకుని నాలుగింటిలోనూ మూడో పాఠం దగ్గర ఆగిపోవడం అందరూ చేసేదే. ఒక్కటి పట్టుకోండి, చివరిదాకా వెళ్ళండి.

గురువు లేకుండా, ఇంగ్లీషులో వివరణ చదువుకోగలిగితే 'మెజ్దు నామి' మంచిది. అమెరికా విశ్వవిద్యాలయాల్లో రష్యన్ చెప్పే అధ్యాపకులు రాసిన మొదటి ఏడాది పాఠ్యపుస్తకం ఇది. ఆన్‌లైన్లో ఉచితం, ఆడియో కూడా ఉంది. రష్యాలో చదువుకోవడానికి వెళ్ళిన అమెరికన్ విద్యార్థుల కథగా నడుస్తుంది కాబట్టి పాఠాలు చదివినట్టుండదు. తర్వాతేమైందో చూద్దామనిపిస్తుంది.

రష్యాలోనే తయారైన పుస్తకాలు కావాలంటే 'పయేహలి', 'జీలి-బీలి', 'దరోగ వ్ రస్సీయు' ఉన్నాయి. ఇలాంటివి మొదటి నుంచీ ఎక్కువగా రష్యన్లోనే నడుస్తాయి. తరగతి గదిలో గురువు చేతిలో ఉంటే బ్రహ్మాండంగా పనిచేస్తాయి. ఒంటరిగా కూర్చుంటే, అభ్యాసంలో మిమ్మల్ని ఏం చేయమన్నారో అర్థం కావడానికే పది నిమిషాలు పోతుంది. మాస్కోలోని పుష్కిన్ రష్యన్ భాషా సంస్థ ఆన్‌లైన్లో ఉచిత కోర్సులు కూడా నడుపుతోంది. పాఠ్యపుస్తకానికి తోడుగా వాటిని వాడుకోవచ్చు.

ఇంగ్లీషు వివరణలతో ఒక చిక్కుంది. ఇంగ్లీషుకి వింతగా కనిపించిన ప్రతిదాన్నీ అవి పెద్ద సమస్యగా చెబుతాయి. 'మ్న్యే హోలద్న' అనే వాక్యానికి ఒక పేజీ వివరణ ఉంటుంది, కర్త లేని వాక్యం అని, చతుర్థిలో అనుభవించేవాడు అని. మనకి ఒక్క ముక్క చాలు: 'నాకు చలిగా ఉంది'. 'మ్న్యే' అంటే నాకు. అంతే. 'మ్న్యే ద్వాత్సత్ ల్యేత్' అంటే నాకు ఇరవై ఏళ్ళు. 'మ్న్యే నుజ్నా క్నీగ' అంటే నాకు పుస్తకం కావాలి. 'ఉ మిన్యా యేస్త్ క్నీగ' అంటే నా దగ్గర పుస్తకం ఉంది. 'యా స్తుద్యేంత్' అంటే నేను విద్యార్థిని. ఇందులో 'ఉన్నాను' అనే మాట అక్కర్లేదు, మనకీ అక్కర్లేదు. ఇంగ్లీషులోని 'ఎ', 'ద' లాంటివి రష్యన్లో లేవు, తెలుగులోనూ లేవు. ఆరు విభక్తులంటే ఇంగ్లీషువాళ్ళు గుండెలు బాదుకుంటారు. ని, కి, తో, లో, యొక్క అంటూ పెరిగిన మనకి అందులో బాదుకోవడానికేమీ లేదు.

అలాగని అంతా సులువేమీ కాదు. మన విభక్తి ప్రత్యయం ఏ మాటకైనా దాదాపు ఒకలాగే అతుక్కుంటుంది. రష్యన్లో మాట లింగాన్ని బట్టి, ఏకవచనమో బహువచనమో దాన్ని బట్టి చివర మారిపోతుంది, విశేషణం కూడా వెంట మారుతుంది. కష్టం అక్కడే ఉంది. కాబట్టి వివరణ ఇంగ్లీషులో చదివినా, ఉదాహరణ వాక్యం పక్కన అర్థం మాత్రం తెలుగులో రాసుకోండి. సగం వ్యాకరణం దానంతటదే విడిపోతుంది.

నాలుగో మెట్టు: సరైన మాటతో వెతకడం

సెర్చ్‌లో ఇంగ్లీషులో 'ఈజీ రష్యన్ రీడింగ్' అని కొడితే వచ్చేవి ఒక రకం. రష్యన్లోనే కొడితే వచ్చేవి వేరే రకం. దీనికి తాళంచెవి మూడక్షరాలు: ఎర్, కా, ఈ. 'రూస్కీ కక్ ఇనస్త్రాన్నీ', అంటే పరాయి భాషగా రష్యన్, అనేదానికి పొట్టిపేరు. రష్యన్ చెప్పే గురువులందరూ వాడే మాట ఇదే. టైపు చేయడం ఇలా: మొదటిది ఇంగ్లీషు పి ఆకారం, రెండోది కె ఆకారం, మూడోది ఇంగ్లీషు ఎన్‌ని అద్దంలో చూసినట్టుండేది. ఆకారం ఒకటే కదా అని ఇంగ్లీషు కీబోర్డులోని పి కొట్టకండి. కంటికి ఒకటే అయినా కంప్యూటర్ లెక్కలో అవి వేర్వేరు అక్షరాలు.

ఈ మూడక్షరాల పక్కన, భాష ఎంత వచ్చో చెప్పే ఏ1, ఏ2 లాంటి స్థాయి పేరు, దాని పక్కన ఈ కింది మాటల్లో ఒకటి చేర్చండి. 'తేక్స్తి ద్ల్యా చ్తేనియ' అంటే చదవడానికి పాఠాలు. 'స్ ఉదరేనియమి' అంటే ఊనిక గుర్తులతో. 'అదప్తీరవన్నీ' అంటే సులభం చేసి తిరగరాసినవి. 'ద్ల్యా నచినాయుశ్శిఖ్' అంటే కొత్తవాళ్ళ కోసం. నిఘంటువులో ఒకసారి వెతికి కాపీ చేసి ఫోనులో దాచుకుంటే ఎప్పటికీ పనికొస్తాయి. వీడియోలు వెతకడానికి కూడా ఇవే మాటలు.

స్థాయి పేర్ల వెనక అంకెలున్నాయి. రష్యన్‌కి టి.ఆర్.కె.ఐ. అని ప్రభుత్వం గుర్తించిన పరీక్ష ఉంది. ఒక్కో స్థాయికి ఎన్ని మాటలు రావాలో జాబితాలు అచ్చేశారు. ఏ1 కి 780, ఏ2 కి 1300, బి1 కి 2300. సెంట్ పీటర్స్‌బర్గ్‌లోని జ్లతవూస్త్ అనే ప్రచురణ సంస్థ ఈ అంకెల్ని ఆధారం చేసుకుని కథల పుస్తకాలు వేస్తుంది. ప్రసిద్ధ రచయితల కథల్ని ఆ మాటల పరిధిలోకి కుదించి, దాటిన మాటలకి అర్థాలిచ్చి, చివర ప్రశ్నలు పెడతారు. ఎన్ని మాటల స్థాయికి రాసిందో పుస్తకం మీదే ఉంటుంది. కొత్తగా చదివేవాళ్ళకి ఇంతకన్నా నమ్మకమైన కొలబద్ద నాకు కనబడలేదు. మీకు 500 మాటలు వచ్చనుకుంటే 780 అంకె ఉన్నది తీసుకోండి. 1300 వైపు చూడకండి.

ఐదో మెట్టు: నూరు మాటల పరీక్ష

ఏ అంకే లేని పాఠం దొరికితే ఏం చేయాలి? మధ్యలోంచి ఒక నూరు మాటలు లెక్కపెట్టండి. తెలియనివాటి కింద గీత గీయండి. గీతలు రెండు మూడే ఉంటే హాయిగా చదువుకోవచ్చు. ఎవరి సాయం లేకుండా కథ అర్థం కావాలంటే నూటికి 98 మాటలు తెలిసి ఉండాలని 2000లో హు, నేషన్ అనే పరిశోధకులు ఇంగ్లీషు చదివేవాళ్ళ మీద చేసిన అధ్యయనంలో తేల్చారు. ఐదారు గీతలు పడితే నిఘంటువు పక్కన పెట్టుకుని చదవాల్సిన పాఠం. పది దాటితే పక్కన పెట్టేయండి, రెండు నెలల తర్వాత చూద్దురుగాని.

లెక్కపెట్టేటప్పుడు ఒక జాగ్రత్త. తెలియని మాట వేరు, తెలిసిన మాటకి తెలియని రూపం వేరు. 'షోల్' అనే మాట కనబడితే అది 'ఇద్తీ' అనే క్రియకి భూతకాలం అని ఎవరు ఊహిస్తారు? ఒక్క అక్షరమూ కలవదు. మనకి 'రా' అనేది 'వచ్చాడు' అయినట్టే. మనిషి 'చెలవేక్', మనుషులు 'ల్యూది'. ఇలాంటివి లెక్కకి మించి లేవు గానీ, ఉన్నవి పేజీకి పదిసార్లు తగులుతాయి. వీటికి వేరే గుర్తు పెట్టుకోండి, సున్నా చుట్టండి. గీతలు తక్కువ, సున్నాలు ఎక్కువ అయితే పాఠం మార్చక్కర్లేదు, వ్యాకరణం మరోసారి చూసుకుంటే చాలు.

ఆరో మెట్టు: మొదటి కథ

పిల్లల పద్యాలు వద్దన్నాను కదా, జానపద కథలు మాత్రం కావాలి. అందులోనూ గొలుసు కథలు. ఒకే వాక్యం మళ్ళీ మళ్ళీ వస్తూ, వచ్చిన ప్రతిసారీ ఒక్క మాట పెరుగుతూ పోయేవి. 'రేప్క', 'కలబోక్', 'తెరెమోక్' ఈ కోవలోవే. పేరు కొట్టి పక్కన 'స్ ఉదరేనియమి' చేరిస్తే గుర్తులున్న పాఠాలు దొరుకుతాయి.

'రేప్క' అంటే టర్నిప్ దుంప. తాత వేసిన దుంప బ్రహ్మాండంగా ఊరింది. పీకబోతే రాలేదు. అవ్వని పిలిచాడు, అవ్వ మనవరాలిని పిలిచింది, తర్వాత కుక్క, పిల్లి, చివరికి ఎలుక. అందరూ ఒకరినొకరు పట్టుకుని లాగుతారు. ఆ వాక్యం ఇది:

బాబ్క జ ద్యేద్కు, ద్యేద్క జ రేప్కు.

అవ్వ తాతని, తాత దుంపని పట్టుకున్నారని అర్థం. ఇందులో 'పట్టుకుని' అనే క్రియ లేనే లేదు. 'జ' అనే చిన్న మాటా, చివర మారిన అచ్చూ కలిసి ఆ పని చేసేశాయి. పట్టుకున్న మనిషి 'క' తో ముగుస్తుంది, పట్టుబడిన మనిషి 'కు' తో. బాబ్క అవ్వ, బాబ్కు అవ్వని. మనకి 'కు' వినబడగానే అవ్వకు, తాతకు అనిపిస్తుంది, అక్కడ మోసపోకండి. ఇది మన 'ని'. ద్యేద్క మగవాడే అయినా పేరు 'క' తో ముగిసింది కనుక ఆడపేర్ల దారిలోనే 'కు' అయ్యాడు. ఆ సంగతి కూడా ఈ ఒక్క వాక్యంలోనే తెలిసిపోతుంది. ప్రతిసారీ గొలుసు మొత్తం చెప్పుకుంటూ వస్తే కథ అయ్యేసరికి ఈ మార్పు 20 సార్లు కంటపడుతుంది. పట్టిక బట్టీపట్టిన నెల రోజుల్లో రానిది ఇక్కడ పది నిమిషాల్లో నాలుక మీదికి వస్తుంది.

గొలుసు అయ్యాక వచ్చే లైను కూడా చూడండి. తాత ఒక్కడే లాగుతున్నప్పుడు 'వీత్యనుత్ ని మోజెత్', బయటికి లాగలేకపోతాడు. అవ్వ వచ్చి చేరగానే 'ని మోగుత్', లాగలేకపోతారు. ఏకవచనం బహువచనమైంది. 'వీ' అనే ఉపసర్గ బయటికి అని చెబుతుంది. ఈ ఉపసర్గ తర్వాత వందల క్రియల్లో ఎదురవుతుంది.

గొలుసు కథలు నాలుగైదు అయ్యాక లేవ్ తొల్‌స్తోయ్ దగ్గరికి వెళ్ళండి. భయపడకండి, లావుపాటి నవలల దగ్గరికి కాదు. ఆయన యాస్నయ పల్యానలో రైతుల పిల్లలకి బడి పెట్టాడు. 1872లో వాళ్ళ కోసం 'అజ్బుక', 1875లో 'నోవయ అజ్బుక' అనే వాచకాలు వేశాడు. వాటిలో పావు పేజీ, అర పేజీ కథలు బోలెడున్నాయి. పొట్టి వాక్యాలు, అలంకారాలు లేవు. 'కోస్తచ్క', 'ఫిలిపోక్' అక్కడివే. కాపీరైటు లేదు కనుక రష్యన్ వికీసోర్స్‌లో హాయిగా దొరుకుతాయి. అక్కడక్కడ పాతబడిన మాటలు తగులుతాయి. ఇప్పుడు గదిని 'కోమ్నత' అంటారు, 'కోస్తచ్క'లో 'గోర్నిత్స' అని ఉంటుంది. అలాంటి మాటల్ని గుర్తుపడితే చాలు, మాటలు గుర్తుండడానికి చేసుకునే కార్డుల మీదికి ఎక్కించకండి.

పాత పుస్తకాల స్కాన్‌ల దగ్గర జాగ్రత్త. నేనొకసారి చక్కటి బొమ్మలున్న కథల పుస్తకం ఎక్కడిదో డౌన్‌లోడు చేసుకుని రెండు రోజులు కుస్తీ పట్టాను. 33 అక్షరాల్లో లేని అక్షరాలు అందులో ఉన్నాయి, చాలా మాటల చివర అనవసరంగా కఠిన చిహ్నం అనే అక్షరం తగిలించి ఉంది, నిఘంటువు ఏ మాటనీ గుర్తుపట్టలేదు. నాకే బుర్ర పనిచేయడం లేదనుకున్నాను. తీరా చూస్తే అది 1918 లిపి సంస్కరణకి ముందు అచ్చయిన పుస్తకం. డౌన్‌లోడు చేసే ముందు ఏ సంవత్సరంలో అచ్చయిందో చూసుకోండి.

ఇంకో రెండు గనులు చెబుతాను. సోవియట్ కాలంలో పిల్లలకి గోడ మీద చూపించే 'దియాఫిల్మ్' అనే ఫిల్ముచుట్టలు ఉండేవి. కదలని బొమ్మ, కింద ఒకటి రెండు వాక్యాలు, మళ్ళీ ఇంకో బొమ్మ. వాటిని ఔత్సాహికులు స్కాన్ చేసి ఆన్‌లైన్లో పెట్టారు. వాక్యం అర్థం కాకపోయినా బొమ్మ చెప్పేస్తుంది. ఊనిక గుర్తులు ఉండవన్నదొక్కటే లోపం, కాబట్టి నాలుగైదు నెలల తర్వాత పట్టుకోండి.

రెండోది, మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు ఒకప్పుడు వేసిన తెలుగు అనువాదాలు. అక్కడే ఉండి ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి లాంటివాళ్ళు అనువాదాలు చేశారు. జానపద కథల దగ్గర్నుంచి పెద్ద నవలల దాకా వచ్చాయి. తెలుగులో ముందు కథ చదివేసి, తర్వాత అదే కథ రష్యన్లో చదివితే నూరు మాటల పరీక్షలో రెండు మార్కులు ఎక్కువిచ్చినట్టే. వాక్యానికి వాక్యం పోల్చుకోకండి, పేరాకి పేరా పోల్చుకోండి.

ఏడో మెట్టు: చెవి

ఆడియో లేని పాఠం సగం పాఠమే. పాఠ్యపుస్తకాలకి ఆడియో వాటితోనే వస్తుంది. కాపీరైటు లేని పాత కథలకి లిబ్రివాక్స్ అనే సైటులో స్వచ్ఛందంగా చదివినవాళ్ళ రికార్డింగులు ఉన్నాయి, ఉచితం. కొత్తవాళ్ళ కోసం నెమ్మదిగా మాట్లాడే పాడ్‌కాస్టుల్లో, మాట్లాడినదంతా అక్షరాల్లో ఇచ్చేవాటినే ఎంచుకోండి. ఆ పాఠం లేకుండా వింటూ కూర్చుంటే అర్థమైనట్టు భ్రమ కలుగుతుంది తప్ప పట్టు దొరకదు. కార్టూన్లు ఇప్పుడే వద్దు. బొమ్మలు ముద్దుగా ఉంటాయి, మాట మాత్రం గుర్రమెక్కి పరిగెడుతుంది.

ఎనిమిదో మెట్టు: నిఘంటువు, కార్డులు

రెండు నిఘంటువులు చాలు. ఇంగ్లీషు విక్షనరీలో రష్యన్ మాట కొడితే అన్ని విభక్తి రూపాలూ ఊనిక గుర్తులతో పట్టికగా వస్తాయి. 'షోల్' లాంటి రూపం కొట్టినా ఇది ఇద్తీకి భూతకాలం అని చెబుతుంది. ఓపెన్ రష్యన్ సైటు ఇంకాస్త తేలిక, ఉదాహరణలు కూడా ఇస్తుంది. ఒక మాటని మనిషి నోట వినాలంటే ఫోర్వో అనే సైటు. తెలుగు అర్థాలు మీరే రాసుకోవాలి, అదే మంచిది.

కార్డులకి అంకి అనే యాప్ వాడండి, కంప్యూటర్లోనూ ఆండ్రాయిడ్‌లోనూ ఉచితం. వేరేవాళ్ళు చేసిన ఐదు వేల మాటల మూట దించుకోకండి. మీరు చదివిన కథలోని వాక్యమే కార్డు అవ్వాలి. ముందువైపు రష్యన్ వాక్యం ఊనికతో, వెనక తెలుగు అర్థం, వీలైతే గొంతు. రోజుకి ఏడెనిమిది చాలు. క్రియ అయితే దాని జంటని కూడా రాయండి. 'చితాత్', 'ప్రచితాత్' రెండూ చదవడమే. మొదటిది చదువుతూ ఉండడం, రెండోది చదివేయడం. చదివాను, చదివేశాను అన్న తేడా తెలుగువాడికి ఒంట్లోనే ఉంది, వాడుకోండి.

ఫోను ఆటల యాప్‌లు అక్షరాలు కుదురుకునేదాకా బాగానే ఉంటాయి. నెల తర్వాత కూడా అవే ఆడుతుంటే ఎన్ని రోజులు వరసగా ఆడామన్న లెక్క పెరుగుతుంది, చదవడం మాత్రం రాదు.

ఒక పాఠాన్ని నాలుగు రోజులు ఎలా చదవాలి

నూటయాభై మాటల పాఠం తీసుకున్నారనుకుందాం.

మొదటి రోజు ఆడియో రెండుసార్లు వినండి, పాఠం చూడకుండా ఒకసారి, చూస్తూ ఒకసారి. నిఘంటువు తెరవద్దు. కథ ఎవరి గురించి, ఎక్కడ జరిగింది అనేది పట్టుకుంటే చాలు.

రెండో రోజు నిఘంటువుతో కూర్చోండి. ప్రతి మాటకీ వెతకద్దు. అది తెలియకపోతే వాక్యం నిలబడదు అనుకున్నవాటికే వెతకండి. అర్థాన్ని పాఠం మీద, మాట నెత్తిన రాయకండి. రాస్తే కన్ను తెలుగు మీదికే పోతుంది, రష్యన్ మాటని చూడనే చూడదు. పక్క కాగితం మీద రాయండి.

మూడో రోజు గట్టిగా చదవండి. ఒక వాక్యం ఆడియో ఆపి, అదే గొంతులో అనండి. కొంచెం సిగ్గుగా ఉంటుంది, తలుపు వేసుకోండి. ఈ రోజే కార్డులు చేసుకోండి.

నాలుగో రోజు కాగితం మూసి, ఐదు వాక్యాల్లో ఆ కథ రష్యన్లో రాయండి. తప్పులు ఎన్నైనా పోనివ్వండి. రాసినది అసలు పాఠం పక్కన పెట్టుకుని చివర్లు సరిచూడండి. 'కు' రావాల్సిన చోట 'క' రాశారా అన్నది ఇక్కడే బయటపడుతుంది.

రోజుకి ముప్ఫై నిమిషాలు పెడితే వారానికి ఒక పాఠం పూర్తవుతుంది, మిగిలిన మూడు రోజులు పాఠ్యపుస్తకానికి. అడ్డంకులేమీ రాకపోతే నాలుగైదు నెలల్లో ఇరవై దాకా పాఠాలవుతాయి.

ఆ ఇరవై అయ్యాకే ఊనిక గుర్తుల్లేని పాఠాలకి మారండి. మారడానికి కొత్త పాఠం వద్దు. మొదటి నెలలో చదివిన 'రేప్క'నే గుర్తులు తీసేసిన ప్రతి తీసుకోండి. పెన్సిల్‌తో మీరే ఊనిక గుర్తులు పెట్టి, తర్వాత గుర్తులున్న ప్రతితో సరిచూసుకోండి. తప్పులు మూడు లోపు వస్తే తర్వాతి కథ నేరుగా గుర్తుల్లేనిదే పట్టుకోవచ్చు. అంతకన్నా ఎక్కువ వస్తే ఇంకో ఐదు పాఠాలు గుర్తులున్నవే చదివి, మళ్ళీ దుంప దగ్గరికి రండి.